ఏమీ లేని దీవికి ప్రయాణం

హార్కర్స్ ఐలాండ్ రేవులో పడవ ఎక్కేముందు మేం తప్పకుండా చేసే పని ఒకటుంది. సామాను మొత్తం కిందికి దించి, ముందు నీళ్ల డబ్బాలు లెక్కపెడతాం. మనిషికి రోజుకో గాలన్, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ. నలుగురం, మూడు రోజులు: పన్నెండు గాలన్లు. గాలి తిరిగి పడవ ఒక రోజు రాకపోతే ఎలా అని ఇంకో నాలుగు. మొత్తం పదహారు గాలన్లంటే అరవై కిలోల బరువు. ఆ లెక్క సరిపోయాకే టెంట్లు, బియ్యం, స్టవ్వు చూసుకుంటాం. అవతల మేం దిగబోయే షాకిల్‌ఫర్డ్ బ్యాంక్స్ దీవిలో తాగునీటి కొళాయి లేదు, కొట్టు లేదు, చెత్తబుట్ట కూడా లేదు.

నార్త్ కరోలినాలో కేరీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఈ రేవు కారులో మూడు, మూడున్నర గంటల దూరం. బీచ్ అనగానే మనవాళ్లు హోటల్ గది, ఈతకొలను, వీధి చివర రెస్టారెంటు ఉన్నచోటికి వెళతారు. క్యాంపింగ్ అంటే స్టేట్ పార్కులో నంబరు వేసిన స్థలం, కరెంటు ప్లగ్గు, వేడినీళ్ల స్నానాలగది. అందులో తప్పేమీ లేదు, మేమూ పిల్లలు చిన్నప్పుడు అలాగే వెళ్లాం. కానీ మన ఇంటికి అంత దగ్గర్లో, 56 మైళ్ల పొడవున, వంతెన లేని, ఊరు లేని ఇసుక దీవుల వరస ఒకటి ఉంది, షాకిల్‌ఫర్డ్ అందులోదే. 1966లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆ వరసను కేప్ లుకౌట్ నేషనల్ సీషోర్‌గా కాపాడింది. అక్కడ టెంటు వేసుకోవడానికి రుసుము లేదు, ముందుగా బుక్ చేసుకునే పని లేదు. పద్నాలుగు రోజులు మించి ఉండకూడదు, పాతిక మంది గాని, అంతకు మించి గాని గుంపుగా వెళితే అనుమతి తీసుకోవాలి. దీన్నే ఇక్కడివాళ్లు ప్రిమిటివ్ క్యాంపింగ్ అంటారు. సౌకర్యం ఎవరూ అమర్చిపెట్టరు గనుక ఇందులో నేర్పంతా ఇంటి దగ్గర వేసుకునే పథకంలోనే ఉంటుంది.

ఈ నేల తీరు తెలియకుండా పథకం వేయలేం. తీరానికీ సముద్రానికీ మధ్య అడ్డుగోడలా పడుకున్న ఇసుక దీవిని భూగోళం పుస్తకాల్లో అవరోధ ద్వీపం అంటారు. మనకు కొత్తదేమీ కాదు. పులికాట్ సరస్సును బంగాళాఖాతం నుంచి వేరుచేసే శ్రీహరికోట అలాంటిదే. కాకినాడ రేవుకు పెద్ద అలలు తగలకుండా కాచే హోప్ ఐలాండ్ కూడా ఇసుక తిప్పే. ఇలాంటి దీవికి సముద్రం వైపు ఇసుక ఒడ్డు, దాని వెనక దిబ్బలు, ఆ వెనక పొదలో చెట్లో, అటు చివర ఉప్పునీటి గడ్డి, తర్వాత లోతు తక్కువైన జలాలు ఉంటాయి. ఆ జలాలను ఇక్కడ సౌండ్ అంటారు. తుఫాను వచ్చినప్పుడు అలలు దిబ్బలు దాటి ఇసుకను వెనక్కి మోసుకుపోయి పోస్తాయి. అలా ముందువైపు కోసుకుపోతూ, వెనకవైపు పేరుకుంటూ దీవి నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. ఒక్కోసారి ఆ జరుగుడు నెమ్మదిగా ఉండదు. 1933 తుఫానుకు షాకిల్‌ఫర్డ్‌కూ పక్కనున్న కోర్ బ్యాంక్స్‌కూ మధ్య కొత్తగా నీటిదారి తెరుచుకుంది, ఇవాళ మన పడవలు దాని పక్కగానే పోతాయి. 2019లో డోరియన్ తుఫాను వచ్చినప్పుడు సౌండ్‌లో ఎగదన్నిన నీరు వెనకనుంచి పొంగి, నార్త్ కోర్ బ్యాంక్స్‌ను యాభైకి పైగా చోట్ల తెంచేసింది.

ఇక్కడ మనుషులు బతకలేదని కాదు. షాకిల్‌ఫర్డ్ తూర్పు కొసన డైమండ్ సిటీ అనే పల్లె ఉండేది. సుమారు అయిదువందల మంది, చేపలవేట, చలికాలం చివర్లో తీరానికి దగ్గరగా వచ్చే తిమింగలాల వేట. దిబ్బ మీద ఒకడు కాపలా కూర్చుని నీటి చిమ్ము చూసి కేకవేస్తే కింద పడవలు కదిలేవి. రాలీలోని ప్రకృతి శాస్త్రాల మ్యూజియంకు పిల్లలను తీసుకెళ్లినవాళ్లు అక్కడ వేలాడే ‘మేఫ్లవర్’ అనే తిమింగలం అస్థిపంజరం చూసే ఉంటారు. 1874లో ఈ తీరం వేటగాళ్లు పట్టినదే అది. 1899 ఆగస్టు తుఫానులో ఉప్పునీరు ఇళ్లలోకి, తోటల్లోకి, శ్మశానంలోకి వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో ఊరంతా లేచిపోయింది. కొందరు ఇళ్లు పలకలు పలకలుగా విప్పి పడవల మీద వేసుకుని హార్కర్స్ ఐలాండ్‌కు, మోర్‌హెడ్ సిటీకి తరలించారు. 1977 దివిసీమ ఉప్పెన కథలు వింటూ పెరిగిన నాకు ఆ దిబ్బల మధ్య నడుస్తున్నప్పుడు ఇది పరాయి చరిత్ర అనిపించదు.

అందుకే మొదట తేదీ చూడాలి. జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం. వేసవిలో ఎండ, దోమలు, కంటికి ఆనని చిన్న ఈగలు కలిసి మనిషిని నిలవనివ్వవు. మేం తుఫానుల జోరు తగ్గే అక్టోబరు చివర గాని, ఏప్రిల్‌లో గాని వెళతాం, వాతావరణ శాఖ సముద్ర సూచన మూడురోజుల ముందునుంచి చూస్తాం. ఈశాన్య గాలి గట్టిపడుతుందంటే ప్రయాణం మానేస్తాం, ఇందులో మొహమాటం పనికిరాదు. రెండోది తిథి. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువ, అష్టమి నవముల్లో తక్కువ అని మన తీరంలో వేటకు వెళ్లే ప్రతివాడికీ తెలుసు. అట్లాంటిక్‌కైనా చంద్రుడు ఒక్కడే. మొదటిసారి వెళ్లినప్పుడు నేనది పట్టించుకోలేదు. వెన్నెల బాగుంటుందని పున్నమి చూసుకుని వెళ్లాం, పొడి ఇసుక కదా అని దిబ్బకు ముందు టెంటు వేశాం. రాత్రి రెండింటికి కాళ్లకింద పరుపు తడిసింది. చీకట్లో నాలుగు టెంట్లు పీకి పైకి మోసుకున్నాం. అప్పటినుంచి గుడిలో ఇచ్చిన క్యాలెండరు చూసే పడవకు టికెట్లు కొంటున్నాం. అష్టమినాడు ప్రయాణం వద్దని మా అమ్మ ఫోనులో అంటుంది. శుద్ధ అష్టమి అయితే పోటు తక్కువ, అర్ధరాత్రికి చంద్రుడు కూడా దిగిపోతాడు, తర్వాత ఆకాశమంతా చుక్కలే అని చెప్పి ఒప్పించాను. ఈ దీవుల చీకటిని కూడా సంపదగా లెక్కించి 2021లో అంతర్జాతీయ డార్క్ స్కై పార్క్ గుర్తింపు ఇచ్చారు.

స్థలం ఎంచుకోవడానికి ఒడ్డున ఎండిన నాచు, గడ్డిపరకలు గీసిన గీత చూడాలి. ఈమధ్య పోటు అంతవరకు వచ్చిందన్నమాట. దానికి బాగా పైన, దిబ్బకు కింద, లేదా దిబ్బ వెనక ఇసుక చదునులో వేసుకోవాలి. దిబ్బ మీద మాత్రం వేయకూడదు, ఎక్కకూడదు. సీ ఓట్స్ అనే పొడుగాటి గడ్డి వేళ్లు అల్లుకుని ఆ ఇసుకను పట్టి ఉంచుతున్నాయి. నలుగురు ఒకే చోట పదిసార్లు ఎక్కిదిగితే గడ్డి చచ్చి గాలికి అక్కడ గండి పడుతుంది.

ఇక టెంటు నిలబెట్టడం. మామూలు మేకులు ఇసుకలో నిలవవు, వేలితో లాగితే ఊడొస్తాయి. ఇక్కడి పాత జాలర్లు, క్యాంపర్లు చేసే పద్ధతి తేలిక. గట్టి గుడ్డసంచిలో ఇసుక నింపి మూతి కట్టాలి. టెంటు తాడును సంచి నడుముకు ముడివేయాలి. టెంటుకు నాలుగడుగుల దూరంలో మోచెయ్యంత లోతున గొయ్యి తీసి, సంచిని తాడుకు అడ్డంగా పడుకోబెట్టి పూడ్చాలి. పూడ్చిన ఇసుక మీద కాసిని సముద్రపు నీళ్లు పోసి కాలితో తొక్కాలి. తడి ఇసుక పొడి ఇసుకకన్నా గట్టిగా పడుతుంది. తర్వాత తాడు బిగించాలి. గాలి ఎంత లాగితే సంచి అంతగా బిగుసుకుంటుంది. నిరుడు రాత్రంతా ఈదురుగాలి కొట్టినా మా తాడు ఒక్కటి వదులు కాలేదు. సంచి లేకపోతే కొట్టుకొచ్చిన కొయ్యముక్క అయినా సరే.

వంటలో చూడవలసింది నీళ్ల పొదుపే. బియ్యం ఇంట్లోనే కడిగి, నీడలో ఆరబెట్టి తెచ్చుకుంటే అక్కడ కడుగునీళ్లు మిగులుతాయి. మొదటి రాత్రికి పులిహోర, పొద్దునకు అటుకులు, తర్వాత వేయించి తెచ్చిన రవ్వతో ఉప్మా, కారప్పొడి, వేరుశనగలు. గిన్నెలు తడి ఇసుకతో తోమి సముద్రంలో జాడించి, చివర్లో గ్లాసు మంచినీళ్లతో కడిగితే చాలు. మా నాయనమ్మ ఏటి ఒడ్డున అలాగే తోమేది. తిండి డబ్బాలకు గట్టి మూతలుండాలి, రకూన్లు రాత్రి వచ్చి సంచులు చింపేస్తాయి. మంట వేస్తే పోటు గీతకు కిందే, ఎండి పడిన కొయ్యతోనే. ఆర్పేటప్పుడు ఇసుక కప్పకూడదు. పైన చల్లగా కనిపించే ఇసుకకింద నిప్పు గంటలకొద్దీ ఉంటుంది, తెల్లారి ఉత్తకాళ్లతో తొక్కే పిల్లవాడికి తెలియదు. బకెట్లతో సముద్రపు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయాలి. కాలకృత్యాలకు పోటు గీతకు పైవైపు దూరంగా వెళ్లి ఆరంగుళాలు తవ్వి పూడ్చాలి, కాగితం సంచిలో వేసి వెనక్కి తెచ్చుకోవాలి. ఈ మాట చెప్పడానికి మనవాళ్లు సిగ్గుపడతారు, బయలుదేరే ముందే అందరికీ చెప్పడం మంచిది. అలాగే ఎక్కడ ఉంటామో, ఏ పడవకు తిరిగొస్తామో ఇంటి దగ్గర ఒకరికి రాసిచ్చి వెళ్లాలి. ఫోన్లు అన్నివేళలా పలకవు, ఒడ్డున ఈతగాళ్లను కాపాడే మనుషులు ఉండరు.

షాకిల్‌ఫర్డ్‌లో నూరుకు పైగా అడవిగుర్రాలున్నాయి. 1998లో వాటి కోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. ఒక పొద్దున్న దిబ్బల వెనక పల్లంలో ఒక ఆడగుర్రం ముందుకాలితో ఇసుక గీరుతూ ఉంటే దూరంగా కూర్చుని చూశాం. గీరడం, ఆగడం, మళ్లీ గీరడం. కాసేపటికి ఆ గుంటలో నీరు ఊరింది. తల వంచి తాగింది, తర్వాత పిల్ల వచ్చి తాగింది. రాయలసీమలో ఎండాకాలం ఏటి ఇసుకలో మనవాళ్లు తీసే చెలమ అదే. దీవికింద వాననీరు ఉప్పునీటి మీద పలచని పొరలా నిలిచి ఉంటుంది. ఆ గుర్రాలు దానిమీద బతుకుతున్నాయి. మనం దాన్ని నమ్ముకోకూడదు, యాభై అడుగులకన్నా దగ్గరికీ వెళ్లకూడదు. మే నుంచి ఆగస్టు దాకా పెద్ద తాబేళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి, శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లీలు చలికాలం దాటేవేళ వచ్చినట్టే. ఆ నెలల్లో రాత్రి తెల్ల టార్చి వేయకుండా ఎర్ర దీపం వాడాలి, తవ్విన గుంటలన్నీ పడుకోబోయేముందు పూడ్చాలి.

ఇంత మోత, ఇంత లెక్క ఎందుకంటే నా జవాబు ఒక్కటే. ఈ దేశంలో మనం కొని సుఖపడలేనివి చాలా తక్కువ. ఏ వసతీ కొనలేని ఈ ఒడ్డున నా పిల్లలకు గ్లాసు నీళ్ల బరువు తెలిసింది, పోటు వేళ తెలిసింది. చీకట్లో కోర్ బ్యాంక్స్ వైపునుంచి 163 అడుగుల దీపస్తంభం పదిహేను సెకన్లకోసారి వెలుగుతుంటే, ఆ వెలుగు కోసం లెక్కపెడుతూ నిద్రపోవడం అలవాటైంది.

తిరిగొచ్చేటప్పుడు మా డబ్బాలు ఖాళీ, చెత్త రెండు సంచులు. వాటితోపాటు అలలు తెచ్చిపడేసిన ప్లాస్టిక్ సీసాలు, వలతాళ్లు, తెగిన బెలూన్లు ఏరిన సంచి మరొకటి ఉంటుంది. మీరు వెళితే సామానులో ఖాళీ సంచి ఒకటి ఎక్కువ పెట్టుకోండి. అది నింపుకుని తీసుకురండి.