సత్యభామ సిగ్గు: కూచిపూడి అభినయం

కూచిపూడి అభినయం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అనే నాలుగు అంగాల మీద నిలుస్తుంది. నాట్యశాస్త్రం చేసిన ఈ విభజన మన శాస్త్రీయ నృత్యాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. ఏ అంగానికి ఎంత బరువిస్తారన్న దగ్గరే సంప్రదాయాలు విడిపోతాయి. కృష్ణా జిల్లా మొవ్వ దగ్గరి కూచిపూడి గ్రామంలో భాగవతులు పెంచిన ఈ కళకు మూలం నాటకం. అందుకే ఇక్కడ వాచికానికి పెద్దపీట. వేషధారి తన దరువు, అంటే తన పాత్ర పాట, తానే పాడాలి, తన మాట తానే పలకాలి, ఆ ఊపిరి తెగకుండా ఆడాలి.

ఆంగికానికి పాఠ్యగ్రంథం నందికేశ్వరుని అభినయదర్పణం. తలకు 9 భేదాలు, చూపుకు 8, మెడకు 4, ఒంటి చేత్తో పట్టే హస్తాలు 28. వీటిని వల్లె వేయడం కష్టమేమీ కాదు. వాడుకలోనే ఉంది చిక్కంతా. పతాక హస్తం ఒక్కటే మబ్బవుతుంది, అడవవుతుంది, ఏరవుతుంది, రాత్రవుతుంది. ఆ క్షణాన అది ఏమిటో తేల్చేది చూపు. చెయ్యి వెళ్లిన చోటికి చూపు వెళ్లాలి, చూపు వెంట మనసు, మనసు వెంట భావం నడవాలి, అప్పుడే రసం పుడుతుందని ఆ గ్రంథం చెబుతుంది. చెయ్యి ఏటిని చూపుతుంటే కళ్లు ప్రేక్షకుల వరసలు లెక్కపెట్టే నర్తకులకు ఏ కాలంలోనూ కొదవ లేదు.

ఈ అంగాలన్నీ కలిసి పనిచేసే తీరు చూడాలంటే సిద్ధేంద్రయోగి పేరున నిలిచిన భామాకలాపమే చూడాలి. పట్టిన తెర మీదుగా ముందు సత్యభామ జడ బయటపడుతుంది. మనిషి కనిపించకముందే ఆమె అతిశయం కనిపిస్తుంది. ఆహార్యం అలంకారం దాటి అభినయమయ్యే చోటిది. ప్రవేశ దరువులో ఆమె తానెవరో తానే చెప్పుకుంటుంది. తర్వాత చెలికత్తె మాధవి, నీ భర్త ఎవరమ్మా అని అడుగుతుంది. మగడి పేరు నోట పలకడానికి సిగ్గు. చెప్పకపోతే భర్త కృష్ణుడి దగ్గరికి మాధవి రాయబారం నడవదు. అంతవరకు గొప్పలు పోయిన నోరు తడబడుతుంది, చూపు నేలకు దిగుతుంది, మెడ పక్కకు వాలుతుంది. కథ అడుగు కదలదు, ఆట మాత్రం సాగుతూనే ఉంటుంది. కృష్ణుడికి లేఖ రాసే ఘట్టానికి వచ్చేసరికి ఆమె విరహోత్కంఠిత, ఎడబాటుతో తపించే నాయిక. గర్వం ఇంకా పోలేదు, బెంగ దాన్ని లోపల్నించి తినేస్తోంది. రెండూ ఒకే ముఖాన కనబడాలి. ఒక్కటే కనబడితే అది సత్యభామ కాదు.

ఈ వేషాన్ని తరతరాలుగా మగవాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా, ఉషగా దేశమంతటా పేరు పొందారు. ఆడదాని నడకను అనుకరించడం ఆ విద్యలో మొదటి మెట్టు మాత్రమే. ఆమె ఆలోచన నడక కన్నా ముందే ముఖంలోకి రావాలి.

పదాభినయంలో పరీక్ష ఇంకో రకం. క్షేత్రయ్య మువ్వగోపాల పదాల్లో పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది. సాహిత్యం మారదు, అర్థం మారాలి. మొదటిసారి నిష్ఠూరం, రెండోసారి ఎత్తిపొడుపు, మూడోసారి లొంగుబాటు. ఒక్క మాట చుట్టూ ఇలా భావాన్ని విస్తరించడమే సంచారి. దానికి విలంబ కాలం కావాలి, అన్నిటికన్నా ఓపిక కావాలి.

సాత్త్వికాన్ని శాస్త్రం స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని 8గా లెక్కించింది. చెమటను, ముఖం పాలిపోవడాన్ని ముద్ర పట్టి చూపలేరు. మనసు నిజంగా అక్కడ ఉంటేనే అవి వస్తాయి. గురువులు దారి చూపగలరే గాని చేతికివ్వలేనిది ఇదొక్కటే.

వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఏకపాత్ర నృత్యానికీ, స్త్రీల శిక్షణకూ దారి వేశారు. వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి నృత్యనాటకాలతో ఈ కళను పెద్ద వేదికలకు ఎక్కించారు. ఆ ప్రయాణంలో పాట చాలావరకు పక్కన కూర్చున్న గాయకుల గొంతుకు మారింది. నర్తకి పెదవులు కదుపుతుంది, అంతే. ఆట శుభ్రపడింది, అడుగు పదునెక్కింది. కాని భర్త పేరు అడిగినప్పుడు సత్యభామ గొంతులో రావలసిన తడబాటును మరొకరి గొంతు నుంచి అరువు తెచ్చుకోవడం తేలిక కాదు. మాధవితో సంవాదాన్ని వేషధారులే సొంత గొంతుతో నడిపే ప్రదర్శనల్లో ఆ తేడా ఇప్పటికీ తెలిసిపోతుంది.