అమృతధార – లక్ష్మణధార

కొట్లో ఒకటి అడిగితే అలాంటిదే మరొకటి ఇచ్చాడనుకోండి, ఇంట్లో చీవాట్లు ఎవరికి? ఇల్లాలికే! “కళ్లెక్కడ పెట్టుకుని కొన్నావ్?” అంటారు. ఆ మాటకు సుప్రీంకోర్టు 1962లోనే జవాబు చెప్పింది.

అమృతధార 1901 నుంచీ ఉన్న మందు. 1923లో మరొకరు లక్ష్మణధార మొదలుపెట్టారు. అలహాబాదు హైకోర్టు ఆ పేర్లను పండితుల్లా విడదీసింది. ఒకటి అమృతపు ధార, ఇంకొకటి లక్ష్మణుడి ధార. అర్థాలే వేరు, పొరపాటెక్కడిదంది. నవలలు రాసేదాన్ని కనుక ఆ పదవిభాగం నాకు ముచ్చటగానే ఉంది. కానీ మందు కొనడానికి వెళ్లేవాళ్లు సమాసాలు విప్పుకుంటూ వెళ్తారా? సుప్రీంకోర్టూ అదే అంది. మామూలు తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న మనిషికి మొత్తం పేరు ఎలా వినిపిస్తుందో చూడాలంది. అయితే అమృతధార వారు ఏళ్ల తరబడి ఊరుకున్నారు గనుక, లక్ష్మణధారను ఉత్తరప్రదేశ్ వరకు ఉండనిచ్చింది.

పేరే కాదు, బొమ్మా అంతే. మన చార్మినార్ పక్క మొఘల్‌పురాలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ కనిపిస్తాయి. ఒకటి చదివేవారికి మరొకటి రాకపోవచ్చు. 1920లో ఈ ఊళ్లోనే పుట్టిన జిందా తిలిస్మాత్‌ను అక్షరం రాని అవ్వ కూడా పెట్టె మీది ఆఫ్రికా మనిషి బొమ్మతో పోల్చుకోగలదు. ఆ బొమ్మకు దగ్గరగా ఇంకో బొమ్మ వేస్తే ఆవిడ గతేమిటి? 1972లో పార్లే బిస్కెట్ల కేసులో రెండు కాగితాల మీదా అమ్మాయి, ఆవులు, కోళ్లు ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు వెతకవద్దంది కోర్టు. నిజమే, కొట్లో మన చేతికొచ్చేది ఒక్కటే. రెండోది మనసులో ఉంటుంది.

బిస్కెట్టు మారితే పిల్లాడు పేచీ పెడతాడు, అంతే. మందు మారితే? ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే మలేరియా మందుల కేసులో, 2001లో, మందుల పేర్ల విషయంలో మరింత కఠినంగా ఉండాలంది సుప్రీంకోర్టు. తొందరలో డాక్టర్లూ పొరబడవచ్చంది.

ఇంత బాగా అర్థం చేసుకున్న తీర్పుల్లో నాకొక లోటు కనిపిస్తుంది. పోట్లాడేది ఇద్దరు వ్యాపారులు. మధ్యలో “సామాన్య కొనుగోలుదారు” అనే పాత్ర ఉంటుంది. కథంతా ఆ పాత్ర పొరపాటు మీదే నడుస్తుంది. కానీ ఆ పాత్రకు ఒక్క మాటైనా ఉండదు. ఆ పాత్ర ఎవరో కాదు, సంచీ పట్టుకుని బజారుకెళ్లే మనమే. సీసా మారిందని తెలిసినప్పుడు మనల్ని మనం తిట్టుకోవడం మాని, కొట్టువాడికి తిరిగిచ్చి, గట్టిగా అడుగుదాం.