గడ్డం పెరిగే 41 రాత్రులు

అయ్యప్ప మాల వేసుకుని ఇవాళ్టికి పదమూడో రోజు. పొద్దున దీపం ముందు కూర్చుని చెంప మీద చెయ్యి వేసుకుంటే వెంట్రుక గుచ్చుకోలేదు, వేలి కింద మెత్తగా పడుకుంది. ఈ మార్పు కోసం వారం రోజులుగా ఎదురుచూస్తున్నాను. ఎందుకో తెలియాలంటే నా రాత్రుల సంగతి చెప్పాలి.

నాకు నిద్రలో ఊపిరి ఆగుతుంది. డాక్టర్లు స్లీప్ ఆప్నియా అంటారు. నిద్ర పట్టగానే గొంతు వెనక కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. కాసేపటికి మళ్ళీ అదే కథ. మూడేళ్ళ కిందట స్లీప్ స్టడీ చేయిస్తే గంటకి 38 సార్లని తేలింది. 30 దాటితే తీవ్రం కిందే లెక్క. అప్పటి నుంచి సీపాప్ మిషన్ పెట్టుకునే పడుకుంటున్నాను. మాస్కులోంచి కొంత ఒత్తిడితో గాలి పంపిస్తూ గొంతు మూతపడకుండా నిలబెట్టడమే దాని పని. నా మిషన్‌కి పెట్టిన ఒత్తిడి 11 సెంటీమీటర్ల నీళ్ళు. పొడుగు గ్లాసు నిండా నీళ్ళు పోసి, 11 సెంటీమీటర్ల లోతుకి స్ట్రా దించి బుడగ తెప్పించడానికి ఎంత ఊదాలో అంత. పిల్లలు కూడా ఊదగలరు. అంత కొద్దిపాటి ఒత్తిడి కాబట్టే, మాస్క్ అంచున సందు దొరికిందంటే గాలి గొంతు దాకా వెళ్ళకుండా అక్కడే జారుకుంటుంది.

గడ్డం అంటే అలాంటి సందులు కొన్ని వేలు.

దీక్షలో గీసుకోకూడదు. ముందటేడు నేను చేసిన తప్పు ఇక్కడే మొదలైంది. అప్పట్లో నాది ముక్కునీ నోటినీ కలిపి మూసే పెద్ద మాస్క్. అయిదో రోజుకి చెంపల దగ్గర బుస్సుమని గాలి లీకవడం మొదలైంది. పట్టీలు బిగించాను. ఆరో రోజు ఇంకా బిగించాను. ముక్కు దూలం మీద పుండు పడింది, గాలి పైకి తన్ని కళ్ళు ఎండిపోయాయి, లీకు మాత్రం తగ్గలేదు. తొమ్మిదో రోజున మిషన్ అటక మీద పెట్టేశాను. స్వామి చూసుకుంటాడు, ఇంకో నెలే కదా అనుకున్నాను. ఈ మిషన్ రోగాన్ని నయం చేయదు, పెట్టుకున్నంతసేపే కాపాడుతుంది. తీసేసిన రాత్రే ఊపిరి ఆగడం మొదలవుతుంది. ఆ నెల ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తలస్నానం చేసి, పూజ ముగించుకుని స్కూటర్ మీద వస్తుంటే మలుపు దగ్గర కళ్ళు మూతపడ్డాయి. ఎదురుగా వస్తున్న ఆటో అతను హారన్ కొట్టకపోతే ఈ కాలమ్ ఉండేది కాదు.

పట్టీ బిగిస్తే లీకు ఆగదన్నది నాకు అంత కష్టం మీద తెలిసింది. సిలికాన్ అంచు చర్మాన్ని నొక్కి పట్టుకోదు. లోపలి గాలికి కాస్త ఉబ్బి, ముఖం ఒంపుకి తగ్గట్టు ఒదుగుతుంది. బిగించేకొద్దీ ఆ అంచు ముడుచుకుపోయి ఒదగడం మానేస్తుంది. పైగా నాలుగైదు రోజుల గడ్డం బ్రష్ లాంటిది, ఒక్కొక్క వెంట్రుకా నిలబడి అంచుని పైకి ఎత్తుతుంది. నా ముఖం మీద నేను చూసినంతలో నాలుగో రోజు నుంచి పదకొండు, పన్నెండో రోజు దాకా గడ్డుకాలం. ఆ తరవాత వెంట్రుక పొడవై పడుకుంటుంది. ఏళ్ళ తరబడి గడ్డం పెంచుకున్నవాళ్ళ ముఖం ఇవాళా రేపూ ఒకటే. దీక్షలో ఉన్నవాడికి రోజుకో ముఖం. నిన్న సరిపోయిన పట్టీ ఇవాళ సరిపోదు.

ఈ సీపాప్ చికిత్స మొదలైన తీరు చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. 1980 జూన్‌లో సిడ్నీలో డాక్టర్ కాలిన్ సల్లివన్ మొదటి రోగికి దీన్ని పెట్టారు. మరుసటి ఏడాది లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. ఆ రోజుల్లో దుకాణంలో కొనే మాస్కులు లేవు. ఒక్కొక్కరి ముక్కుకీ ప్లాస్టర్‌తో అచ్చు తీసి మాస్క్ చేసి, రోజూ రాత్రి సిలికాన్ జిగురుతో అంటించేవారు. మనిషిని బట్టి మాస్క్ అన్నది అక్కడే ఉంది. ఇప్పుడు పెట్టెలో వచ్చే మూడు సైజుల్లో మన ముఖాన్ని ఇరికించాలనుకోవడం మన పొరపాటు.

నిరుడు మాస్క్ మార్చాను. నేజల్ పిల్లోస్ అంటారు, ముక్కు రంధ్రాల దగ్గర ఆనే రెండు చిన్న సిలికాన్ మొగ్గలు. అవి చెంపనీ గడ్డాన్నీ తాకవు. మీసం ఒక్కటే అడ్డు. ముక్కు కింద ఆ కాస్త కత్తిరించుకోవచ్చా అని గురుస్వామిని అడిగాను. "మందు మానేసి కొండెక్కమని ఏ నియమమూ చెప్పదు స్వామీ. మీ మనసుకి ఏది తోస్తే అది చేయండి" అన్నారు. నాకు కత్తెర పెట్టబుద్ధి కాలేదు. పడుకునే ముందు మీసం తడిపి రెండు పక్కలకీ దువ్వుతున్నాను, సరిపోతోంది. కుదరనివాళ్ళు కత్తిరించుకోవడంలో తప్పేమీ లేదని గట్టిగా నమ్ముతాను.

పిల్లోస్ పెట్టుకుంటే నోరు మూసి ఉండాలి, లేకపోతే గాలంతా నోట్లోంచి పోతుంది. నేను గడ్డం కిందుగా మెత్తటి గుడ్డ పట్టీ కట్టుకుంటాను. చన్నీళ్ళ స్నానంతో జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన రాత్రి మాత్రం పెద్ద మాస్క్ తప్పదు. అప్పుడు మాస్కుకీ వెంట్రుకకీ మధ్య పల్చటి గుడ్డ లైనర్ వేస్తాను. అది గాలిని పూర్తిగా ఆపదు, లీకుని మాత్రం మిషన్ తట్టుకునేంతకి తగ్గిస్తుంది. 2020లో కోవిడ్ రోజుల్లో కొందరు సిక్కు డాక్టర్లు గడ్డం తీయకుండా, గడ్డాన్ని అదిమి కట్టే ఠాఠా అనే పట్టీలా సాగే రబ్బరు షీటు కట్టి దానిమీద రెస్పిరేటర్ మాస్క్ వేసుకున్నారు. రాత్రంతా రబ్బరు కట్టుకుని పడుకోమని నేను చెప్పను. నియమాన్నీ ఊపిరినీ రెంటినీ వదలని వాళ్ళ పట్టుదల మాత్రం రోజూ గుర్తొస్తుంది.

దీక్షలో నేల పడక ఇంకో చిక్కు. మామూలుగా మిషన్‌ని తలకన్నా కిందుగా పెడతారు, గొట్టంలో చేరిన తడి వెనక్కి మిషన్‌లోని తేమ తొట్టెలోకి జారిపోతుంది. చాప మీద పడుకున్నవాడికి తలకన్నా కింద ఏముంటుంది? మార్గశిరం చలికి గొట్టంలో నీళ్ళు పేరుకుని అర్ధరాత్రి గుడగుడమంటూ ముక్కులోకి వచ్చేవి. తేమ సెట్టింగు రెండు అంకెలు తగ్గించి, గొట్టానికి పాత ఉన్ని మఫ్లర్ చుట్టి దుప్పట్లోకి లాక్కున్నాను. అప్పటి నుంచి చుక్క రాలేదు.

సాయంత్రం భజన అయి వచ్చాక నుదుటి చందనం, విభూతి, ముఖం మీది జిడ్డు అన్నీ సబ్బుతో కడుక్కుంటాను. విభూతి పొడి అంచులో చేరితే అతుకు నిలవదు. గడ్డానికి నూనె అసలే వద్దు, మాస్క్ జారుతుంది, సిలికానూ పాడవుతుంది. తరవాత చాప మీద వెల్లకిలా పడుకుని, మిషన్ వేసి, గాలి పూర్తిగా వస్తున్నప్పుడే పట్టీలు సర్దుకుంటాను. కూర్చుని సర్దితే పడుకోగానే చెంపలు జారి కొలత మారిపోతుంది. ముందు వదులు చేసి, లీకు ఆగేదాకా కొద్దికొద్దిగా బిగిస్తాను, ఆగగానే చెయ్యి తీసేస్తాను. ఆ అయిదు నిమిషాలు మా ఆవిడ దీపం దగ్గర కూర్చుని వింటుంది. బుసబుస ఆగిపోయాక "ఇక పడుకోండి స్వామీ" అని లైటు తీసేస్తుంది.

ఈ ఏడు మా పీఠంలో మొదటిసారి మాల వేసిన ఒక కన్నెస్వామి ఉన్నాడు, లారీ డ్రైవర్, అతనికీ ఇదే మిషన్. మాల వేసి ఆరు రోజులైంది. మాస్క్ నిలవడం లేదు, దీక్ష అయ్యాక చూసుకుంటానన్నాడు. ముందటేటి ఆ మలుపు సంగతి అతనికి చెప్పాను. ఇవాళ రాత్రి భజన అయ్యాక మిషన్‌తో మా ఇంటికి వస్తున్నాడు. నా చాప పక్కనే ఇంకో చాప పరిచి, లైనర్ ఒకటి ఉతికి ఆరేశాను.