కనపడని వాలు

నరసాపురంలో గడ్డి పెంచుతానంటే నవ్వుతారు. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాయంటే పిట్టగోడ నెర్రెల్లోనూ మొలుస్తుంది, రేవులో బోర్లించిన నావ మీదా మొలుస్తుంది. వరిరైతుకి గట్ల మీద గరికతో తగువు ఏనాటికీ తెగదు. అలాంటి ఊళ్లో డబ్బిచ్చి గడ్డి కొని, వ్యాన్‌లో తెప్పించి, ఇంటి ముందు పరిపించుకున్నాను. అదీ రెండుసార్లు. మొదటిసారి పరిచింది కుళ్లిపోయింది కాబట్టి రెండోసారి.

మొదటిసారి తప్పు నాదే. ఇంటి ముందున్న రెండు సెంట్ల జాగాని క్యారమ్ బోర్డులా చదును చేయించాను. చూసినవాళ్లంతా భేష్ అన్నారు. ఆగస్టు ముసురు వారం రోజులు పట్టేసరికి బోర్డు కాస్తా మడుగైంది. నీళ్లింకాక చూస్తే పసుపు రంగు, ముక్క వాసన, చెయ్యి వేస్తే వేళ్లతో సహా ఊడొచ్చే గడ్డి.

రెండోసారి పనికి కడియం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఊళ్లలో నర్సరీ పని తెలియని ఇల్లు వెతుక్కోవాలి. వచ్చినాయన గడ్డి సంగతే ఎత్తలేదు. జాగా చుట్టూ ఒకసారి తిరిగి, గుప్పెడు మట్టి పిసికి, "వానొస్తే నీరెటు పోద్దండి?" అన్నాడు. బల్లపరుపుగా ఉంది కదా, ఎటూ పోదన్నాను. "ఆయ్, అయితే మీరు చేను చేసేరండి. లాన్ కాదండి" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా రెండు సెంట్ల గుట్టు తేలిపోయింది. ఈ డెల్టాలో అందరం నేర్చిన విద్య నీటిని మట్టంగా నిలబెట్టడమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ కాలువ నీటిని మడిలో ఈ మూల నుంచి ఆ మూలకి ఒకే లోతున నిలపగలిగినవాడే ఇక్కడ పనిమంతుడు. దమ్ము చేసి పలక లాగే మనిషి కాలితోనే మట్టం చెప్పేస్తాడు. వరికి నీళ్లలో నిలబడే గుణం ఉంది. లాన్ గడ్డికి లేదు, దాని వేరుకి గాలాడాలి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడే బంకమట్టి నేలలో, నాలుగడుగులు తవ్వితే నీరు ఊరే చోట, ఆ వేరుకి గాలి అందించడమే లాన్ పనంతా. గడ్డి దానంతటదే పెరుగుతుంది. దాని కింద నుంచి నీళ్లని సాగనంపడానికే మనిషి కావాలి.

సాగనంపడానికి ఆయన వాడింది తాపీమేస్త్రీల ట్యూబు లెవెలు: రెండు కొసల్లోనూ నీటిమట్టం కనిపించే తెల్ల గొట్టం. దానితోపాటు నాలుగు మేకులు, ఒక నైలాన్ తాడు. ఇంటి గోడ నుంచి వీధి వైపు పదడుగులకి ఒకటిన్నర అంగుళం దింపాడు. ఆ మాత్రం వాలు కంటికి ఆనదు. కుర్చీ వేసుకుంటే ఊగదు, పిల్లలు ఆడుకునే బంతి దొర్లిపోదు, నీటికి మాత్రం తెలుస్తుంది. వాలు తీశాక కూడా ట్యూబుని పూర్తిగా నమ్మలేదు. గోడ దగ్గర బిందెడు నీళ్లు కుమ్మరించి, అవి తడబడిన చోటల్లా పుల్ల గుచ్చుకుంటూ వెళ్లాడు. పదకొండు పుల్లలు లేచాయి. ఒక్కొక్క పుల్ల దగ్గరా కూర్చుని అరచేత్తో మట్టి సర్దాడు. ఆ పూట ఇంకో పని చెయ్యలేదు.

అంతకుముందే పదిహేను రోజులు తుంగతో సరిపోయింది. తుంగని పైన పీకితే పీకినట్టే ఉంటుంది, అడుగున గడ్డలు పూసలదండలా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. ఆయన తవ్వి దొరికినన్ని ఏరేసి, తర్వాత ఖాళీ నేలకి శుభ్రంగా నీళ్లు పెట్టించాడు. దాక్కున్న తుంగ పైకొచ్చింది. పీకించాడు. మళ్లీ నీళ్లు, మళ్లీ పీకుడు. ఎర వేసి చేపని పట్టినట్టు కలుపుని పట్టాడు.

ఇసుక దగ్గరా అంతే పట్టుదల. సముద్రం దగ్గరే కదాని అక్కడి ఇసుక తోలిస్తే ఉప్పు, గోదావరి ఇసుకే కావాలన్నాడు. అదైనా బంకమట్టిలో చారెడు కలిపితే ఇటుకలా బిగుస్తుందని, చివికిన పశువుల ఎరువూ కొబ్బరిపొట్టూ కలిపి నాలుగంగుళాల మందాన పైపొరగా వేశాడు. కొబ్బరిపొట్టుని కూడా రెండుసార్లు కడిగించాడు, అందులోనూ ఉప్పుంటుందట.

ఎండ పడే మేర మెక్సికన్ గ్రాస్, కొబ్బరిచెట్ల నీడన కార్పెట్ గ్రాస్ వేశాడు. ఈ పేర్ల సంగతి తమాషాగా ఉంటుంది. నర్సరీల్లో మెక్సికన్ అని అమ్మే సన్నగడ్డి జోయిసియా జాతిది, ఆసియా తీరాల పంట, మెక్సికోతో దానికి బంధుత్వం లేదు. అమెరికా ఖండం నుంచి నిజంగా వచ్చింది కార్పెట్ గ్రాస్. ఇక బెర్ముడా గ్రాస్ అని ప్రపంచమంతా పిలిచేది వినాయకచవితికి మనం జంటలుగా తుంచే గరికే. నీడలో గరిక పలచబడిపోతుంది కాబట్టి మా జాగాకి దాన్ని వద్దన్నాడు.

గడ్డి చాపలు పరచడం చూడాలి. ఇటుక వరసల్లా అతుకు మీద అతుకు రాకుండా, అంచుకి అంచు ఒరుసుకునేలా, మెత్తటి నేల మీద కాలు దిగబడకుండా చెక్క మీద కూర్చుని పరుస్తాడు. అతుకుల్లో ఇసుక రాలుస్తాడు. తర్వాతి అల్లిక గడ్డే చూసుకుంటుంది. తీగ పాకి, కణుపు కణుపుకీ వేరు దింపి, ముందుకి పోతుంది. లేసు అల్లే సూది గొలుసు వేసి, వెనక్కొచ్చి ముడి పట్టి, మళ్లీ సాగడం ఈ ఊరివాళ్లకి నేను చెప్పాలా! మూడు వారాలకి అతుకులు మాయమయ్యాయి.

వానాకాలపు పథ్యాలు కొన్ని చెప్పి వెళ్లాడు. ఎత్తులో మూడోవంతుకి మించి ఒక్కసారి కొయ్యకూడదు. తడి మీద మెషిన్ తొయ్యకూడదు, గడ్డి తెగదు, చిరుగుతుంది. యూరియా సెంటుకి పావుకిలో చాలు, అదీ ఇసుకలో కలిపి చల్లి వెంటనే నీళ్లు కొట్టాలి. రాలిన కొబ్బరిమట్టని ఏ రోజుకారోజు తియ్యాలి, వారం వదిలేస్తే మట్ట ఆకారంలోనే గడ్డి పండిపోతుంది. గుండ్రటి గోధుమరంగు మచ్చలు కనిపిస్తే యూరియా, సాయంత్రపు తడి రెండూ ఆపమన్నాడు. ఆ మచ్చల్ని నేను కొత్త రోగమనుకున్నాను. తీరా చూస్తే వరికి పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా శిలీంధ్రమే అది. చేను లక్షణాలు లాన్‌ని వదల్లేదన్నమాట.

ఒక్క విషయంలో ఆయనతో వాదించాను. వీధి వైపు ఈశాన్యం మూల నాలుగడుగుల మేర గడ్డి వెయ్యకుండా పల్లంగా వదిలి, గులకరాళ్లు పోసి మెట్టతామర దుంపలు పెట్టాడు. లాన్ మూల కొరికేసినట్టుందన్నాను. "వీధికాలవ పొంగిన్రోజు నీరెక్కడికి పోద్దండి బాబూ? ఆ మూల నీళ్లకొదిలెయ్యండి" అన్నాడు. డబ్బిచ్చిన జాగాని నీళ్లకి వదలడమేమిటని లోపల గొణుక్కున్నాను.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రాత్రులు ఎడతెగకుండా కురిసి, గోదావరి పోటు మీదుండటంతో వీధికాలవ వెనక్కి తన్నింది. తెల్లారి తలుపు తీస్తే మెట్టతామరలు మోకాలిలోతు నీళ్లలో ఉన్నాయి. గులకరాళ్ల మీద నుంచి ఒక పీత పైకెక్కి, గడ్డి అంచున కాసేపు ఆగి, తడి లేదనుకుందో ఏమో, మళ్లీ నీళ్లలోకే దిగిపోయింది.