ఆలస్యంగా పొంగే రాయి

గద్వాల, వనపర్తి దిక్కు చాలాచోట్ల బోరు వేస్తే గ్రానైటు పొడే పైకొస్తుంది. బండి చుట్టూ నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరు నవ్వుతాలుకు "మనకాడ పెట్రోలు పడదా సార్?" అంటారు. పడదు. కరిగిన శిల చల్లారి బిగిసిన నేల అది. నాగర్‌కర్నూల్ దాటి అమ్రాబాద్ గుట్టలెక్కితే క్వార్ట్‌జైటు. ఆలంపూర్ వైపు పోతే సున్నపురాయి తగులుతుంది. ఆ ప్రశ్నను పట్టించుకోదగ్గది అక్కడే.

సున్నపురాయి జాతి ఏది కనిపించినా నేను ముందు తీసేది చిన్న సీసా. అందులో నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆసిడ్. చుక్క పడగానే సున్నపురాయి బుసబుసా పొంగుతుంది. అదే జాతిదైన డోలమైటు అంత తొందరగా పలకదు. కత్తితో గీకి, ఆ పొడి మీద చుక్క వేసి, ముఖం దగ్గరపెట్టి చూస్తే సన్నగా బుడగలు లేస్తాయి. రాళ్ల పాఠం నేర్చుకునే పిల్లలు అంతసేపు ఆగరు. పొంగలేదని రాసుకుని పక్క రాయికి పోతారు. చమురు బావుల దగ్గర పైకొచ్చే రాతి ముక్కల మీద ఇప్పటికీ ఇదే చుక్క వేస్తారు. బావి లోపలికి సీసా పోదు గనుక అక్కడ పరికరాలు దించి సాంద్రత చూస్తారు: సున్నపురాయికి 2.71, డోలమైటుకు 2.87.

మెగ్నీషియం ఉన్న నీరు సున్నపురాయిలో ఇంకి, కాల్షియంలో సగాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటే డోలమైటు అవుతుంది. కొత్త స్ఫటికానికి తక్కువ చోటు చాలు. అణువుకు అణువు మారితే రాయి 12, 13 శాతం దాకా కుంచించుకుపోతుంది. మిగిలిన సందుల్లో చమురు నిలుస్తుంది. లెక్క ఎప్పుడూ ఇంత సాఫీగా సాగదు. ఆ నీరు మరీ ఎక్కువ పారితే ఉన్న సందులూ పూడిపోతాయి. కానీ లోతుకు పోయేకొద్దీ సున్నపురాయి నలిగి బిగుసుకుంటే, డోలమైటు మెరుగ్గా తట్టుకుంటుంది. అమెరికాలోని మిషిగన్‌లో 1957లో బయటపడిన ఆల్బియన్-సిపియో చమురు క్షేత్రం పొడవు దాదాపు 50 కిలోమీటర్లు, వెడల్పు రెండు కిలోమీటర్ల లోపే. భూమి పగులు వెంట డోలమైటుగా మారిన పట్టీ అది. పక్కకు జరిగి తవ్వితే బిగువు సున్నపురాయే.

మరి ఆలంపూర్ సున్నపురాయి కూడా భాగమైన మన కడప బేసిన్‌లో చమురు ఉంటుందా? అందులోని వేంపల్లె డోలమైటుకు సుమారు 190 కోట్ల ఏళ్లు. తుమ్మలపల్లెలో ఆ రాయిలోంచే యురేనియం తీస్తున్నారు. ముసలి రాయి అని కొట్టిపారేయలేం. రాజస్థాన్‌లోని బాఘేవాలాలో 1991లో 50 కోట్ల ఏళ్లు దాటిన పొరల్లో చిక్కటి చమురు దొరికింది. అయితే సందులుంటే సరిపోదు. చమురుగా మారే జీవపదార్థం ఉండాలి, తగిన వేడి తగలాలి, పైన కదలని మూత ఉండాలి. వేంపల్లె పొరల్లోకి పులివెందుల దగ్గర శిలాద్రవం చొచ్చుకొచ్చింది. అంత వేడికి అక్కడున్న చమురు ఏమైపోయి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇక్కడ చమురు కోసం ఎవరైనా సర్వేలు చేస్తామంటే చేయనివ్వండి, రాళ్ల గురించి నాలుగు సంగతులైనా తెలుస్తాయి. నా డబ్బులైతే ఇక్కడ తవ్వే చమురు బావి మీద పెట్టను.