తత్త్వశాస్త్రమునకు తొలి పుస్తకము

పాశ్చాత్య తత్త్వశాస్త్రమును ఇంటిపట్టున చదువుకొనగోరు వారికి గలుగు మొదటి చిక్కు పుస్తకముల కొఱత కాదు; వాని బాహుళ్యమే. ఏది ముందు, ఏది వెనుక అను విచారణలోనే పలువురి యుత్సాహము చల్లారిపోవుచున్నది. సామాన్యముగా తెలిసినవారు చూపు త్రోవ చరిత్రగ్రంథము. బెర్ట్రాండ్ రస్సెల్ 1945లో ప్రకటించిన పాశ్చాత్య తత్త్వశాస్త్ర చరిత్ర అట్టివానిలో ప్రసిద్ధమైనది. గ్రీకులు మొదలుకొని తన కాలము వఱకు సిద్ధాంతములను ఆయా యుగముల రాజకీయ, సాంఘిక స్థితులతో జోడించి చెప్పిన తీరు మిక్కిలి రమ్యముగా నున్నది. అయినను తొలి పుస్తకముగా దానిని మేము సూచింపజాలము.

ఏలయన, చరిత్ర ముఖ్యముగా అభిప్రాయములను తెలుపును. ప్లేటో యిట్లనెను, డెకార్ట్ అట్లనెను, కాంటు వేఱొకటి యనెనని కంఠస్థము చేసినవారు పాత ప్రమాణములను విడిచి క్రొత్త ప్రమాణములను పట్టుకొన్నవారే కాని స్వబుద్ధిని సంపాదించినవారు కారు. “పెద్దలు చెప్పిరి” అను మాటను గడప దాటించి, “దొరలు చెప్పిరి” అను మాటకు పీట వేయుట సంస్కారము కానేరదు. పైగా ఆ గ్రంథమున రస్సెల్ తనకు గిట్టనివారియెడల, ముఖ్యముగా నీషేయెడల, తగిన న్యాయము చూపలేదని మా యభిప్రాయము. మూలమెఱుగని చదువరి ఆ తీర్పును పరీక్షింపలేడు.

అదే గ్రంథకర్త 1912లో వ్రాసిన ‘తత్త్వశాస్త్ర సమస్యలు’ అను చిన్న పుస్తకము ఇట్టిది కాదు. పదునైదు అధ్యాయములు, ఒక్కొక్కటి ఒక పూట చదువదగినది. మొదట ఒక బల్లను చూపి, వెలుతురు మాఱినకొలది, చూచు చోటు మాఱినకొలది దాని రంగును ఆకారమును మాఱి కానవచ్చుచుండ, నిజమైన బల్ల యేదని ప్రశ్నించును. ఈ ప్రశ్నకు పాండిత్యమక్కఱలేదు, కన్నులుండిన చాలును. మఱియొక చోట, ప్రతిదినము తనకు మేత పెట్టిన చేయియే తుదకు తన మెడ విఱిచునని యెఱుగని కోడిని ఉదాహరించును. ఇన్నాళ్లు ఇట్లే జరిగినది కావున ఇకమీదను ఇట్లే జరుగునను నమ్మకమునకు ఆధారమేమి? ఆచారమును గూర్చి ఇంట వాదించువారు ఈ యధ్యాయమును తప్పక చదువవలెను.

ఈ పుస్తకమునకు లోపములు లేకపోలేదు. జ్ఞానమెట్లు కలుగుననుదానికే ఎక్కువ చోటిచ్చి, నీతిని, సంఘమును దాదాపుగా విడిచినది. మాటలు అర్థమునెట్లు కలిగించుననుదానిని కొంత తడవి మానినది. కావున రెండవ మెట్టుగా గోట్లోబ్ ఫ్రేగె 1892లో జర్మను భాషలో ప్రకటించిన వ్యాసముయొక్క సారమును తెలిసికొనుట మంచిది. వేకువను తూర్పున కానవచ్చు వేగుచుక్కయు, మునిమాపున పడమట కానవచ్చు చుక్కయు ఒక్క శుక్రగ్రహమే. పేరు వస్తువును చూపుట మాత్రమే చేసినచో “ఆ చుక్కయే యీ చుక్క” యనుటకును, “ఆ చుక్కయే యా చుక్క” యనుటకును భేదముండరాదు. కాని మొదటిది ఆకాశమును పరిశీలించి కనుగొన్న సత్యము. రెండవది ఎవరికిని క్రొత్త కాదు. కావున పేరు చూపు వస్తువు వేఱు, అది మనకు తోచు విధము వేఱని ఆయన నిర్ణయించెను.

మూడవది జె. ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డునందు చేసిన ఉపన్యాసములు. ఆయన గతించిన పిమ్మట 1962లో పుస్తకరూపము దాల్చినవి. మాట యాడుట కొన్నియెడల సంగతి చెప్పుట కాదు, పని చేయుటయే యని ఆయన చూపెను. వాగ్దానము చేయుట, పందెము వేయుట, పెండ్లికి సమ్మతించుట అట్టివి. తగిన వారు తగిన సందర్భమున పలుకనిచో అవి చెడిపోవును. మనస్సులేని వాగ్దానమో, పలికినను కపటమగును. ఇది చదివినపుడు మాకు మన యిండ్లలోని సామెత తలపునకు వచ్చినది. మౌనము అర్ధాంగీకారమని చెప్పి ఎందఱు బాలికలకు పెండ్లి నిశ్చయింపలేదు? తక్కిన సగమంగీకారమును ఇచ్చినదెవరు? ఈ ప్రశ్న ఆస్టిన్ వేసినది కాదు. ఆయనను చదివిన తరువాత మేము వేయక తప్పినది కాదు.

విట్గెన్‌స్టైన్ 1921లో ప్రకటించిన ‘ట్రాక్టేటస్’ చిన్నదని తొందరపడి ఎవరును దానితో మొదలుపెట్టకుందురు గాక. అందలి వాక్యములు సూత్రప్రాయములు. ఫ్రేగె, రస్సెల్ వాదములెఱుగనివారికి అవి మంత్రములవలెనే తోచును. అర్థము తెలియని మంత్రములు మనకు చాలినన్ని కలవు.

కావున మా సలహా యిది: వారమునకొక యధ్యాయము చొప్పున, ఇంట ఒకరు చదువగా తక్కినవారు వినవలెను, వినినవారిలో ఒకరైనను ఎదురు చెప్పవలెను. రస్సెల్ చూపిన బల్ల ఇంట లేనిచో పీటయైనను చాలును. దానినే నిదానించి చూచి, మీకు కానవచ్చినదేదో మీరే చెప్పుకొనుడు.