'కల్కి 2898 ఏడీ': ప్రేక్షకుల పునర్రచనాకాంక్ష – గోదావరి సీమ భారతకథా సంప్రదాయం

వ్యాస సంగ్రహం

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ' భారతకథను శాస్త్రకల్పనతో ముడివేసిన తెలుగు చలనచిత్రం. వాణిజ్యపరంగా ఘనవిజయం సాధించినప్పటికీ కథనం, పాత్రచిత్రణల విషయంలో ప్రేక్షకుల్లో ఒక వర్గానికి అసంతృప్తి మిగిల్చింది. ఆ అసంతృప్తి 'కథ ఇలా ఉండవలసింది' అనే పునర్రచనా ప్రతిపాదనల రూపం తీసుకుంది. ఆ ప్రతిపాదనలను వర్గీకరించి, భారతకథను తిరిగి చెప్పడంలో గోదావరి సీమ సాహిత్యం చూపిన ప్రమాణాలతో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. మూలానికి భిన్నంగా ఉండటమే దోషం కాదనీ, చేసిన మార్పు పాత్రపై ఎంతటి భారాన్ని మోపిందన్నదే దాని యోగ్యతకు కొలత అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శాస్త్రకల్పన, పునర్రచన, ప్రేక్షకుడు, ఆంధ్రమహాభారతం, గయోపాఖ్యానం, భీమఖండం, కర్ణుడు, సుమతి.

ఉపోద్ఘాతం

తెలుగులో శాస్త్రకల్పన చిత్రాలు తక్కువ. సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991)లో కాలయంత్రాన్ని ఒకవైపు శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, మరొకవైపు 2504వ సంవత్సరానికీ నడిపించారు. మూడు దశాబ్దాల తరువాత 'కల్కి 2898 ఏడీ' కురుక్షేత్ర యుద్ధాంతం నుంచి ఆరువేల ఏళ్ల ముందుకు కథను తీసుకుపోయింది. గంగ ఎండిన కాశి, దానిపైన వేలాడే కాంప్లెక్స్, తిరుగుబాటుదారులు తలదాచుకున్న శంభల అనే మూడు లోకాల మధ్య ఇతివృత్తం నడుస్తుంది. కథ ఒక్క చిత్రంతో ముగియలేదు. ప్రధాన సంఘర్షణ రెండవ భాగానికి మిగిలింది. అందువల్ల ఈ చిత్రం విషయంలో ప్రేక్షకుని పునర్రచన గడిచిన దాని మీద ఫిర్యాదుగానే ఆగిపోదు. రాబోయే భాగానికి సూచనగా కూడా పనిచేస్తుంది.

ఈ పరిశీలనకు గోదావరి సీమ తగిన నేల. కథానాయకుడు ప్రభాస్ కుటుంబ స్వగ్రామం పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరు. 11వ శతాబ్దిలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్నది రాజరాజనరేంద్రుని రాజమహేంద్రవరంలో. నటుని అభిమానులూ, భారతకథ అభిమానులూ ఈ సీమలో పక్కపక్కనే ఉన్నారు. అనేక సందర్భాల్లో ఆ ఇద్దరూ ఒక్కరే. ఈ ప్రేక్షకుడు అడిగే మార్పుల వెనుక ఉన్న రుచి ఎక్కడిదో తెలియాలంటే ఈ నేలమీద భారతకథ ఎలా మారుతూ వచ్చిందో చూడాలి.

1. అసంతృప్తి స్వరూపం

చిత్రం విడుదలైన తరువాత సమీక్షల్లోనూ, ప్రేక్షకుల చర్చల్లోనూ వినిపించిన అభ్యంతరాలు మూడు విధాలుగా కనిపిస్తాయి.

మొదటిది తగ్గింపు. దాదాపు మూడు గంటల చిత్రంలో పూర్వార్ధం నెమ్మదిగా సాగిందనీ, భైరవుని హాస్యం కథాగమనాన్ని అడ్డుకుందనీ, అతిథి పాత్రలు ఎక్కువయ్యాయనీ ఈ వర్గం భావన. రెండవది దిద్దుబాటు. చిత్రాంతంలోని కర్ణార్జున సన్నివేశంలో కర్ణుని ఆధిక్యం వ్యాసభారతానికి అనుగుణంగా లేదనీ, అశ్వత్థామకు కృష్ణుడు రక్షణ బాధ్యతను అప్పగించడం మూలంలో లేదనీ ఈ వర్గం అభ్యంతరం. మూడవది పూరణ. సుమతి అంతరంగం, కాంప్లెక్స్ లోపలి జీవితం, యాస్కిన్ లక్ష్యం మరింత స్పష్టంగా ఉండవలసిందని ఈ వర్గం కోరిక.

ఈ మూడు కోరికలూ తెలుగు సాహిత్యానికి కొత్తవి కావు. భగవద్గీతలోని పద్దెనిమిది అధ్యాయాల విషయాన్ని తిక్కన భీష్మపర్వంలో కొద్ది పద్యాలకు కుదించాడు. యుద్ధకథా వేగం చెడకుండా చేసిన తగ్గింపు అది. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించాడు. పూరించి, దానిని రాజరాజనరేంద్రునికే అంకితం చేసి, నన్నయ రచనే కొనసాగుతున్నట్లు భావింపజేశాడు. అసంపూర్ణంగా మిగిలిన కృతిపై గౌరవమే ఆ పూరణకు ప్రేరణ. తగ్గించే హక్కు, పూరించే హక్కు తెలుగు భారతం పుట్టుకతోనే ఉన్నాయి. మిగిలిన ప్రశ్న దిద్దుబాటు. మూలంలో లేనిదాన్ని చేర్చినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది నిలవదు?

2. గయోపాఖ్యానం చూపిన ప్రమాణం

ఈ ప్రశ్నకు సమాధానం రాజమహేంద్రవరం రంగస్థలం మీదనే దొరుకుతుంది. ఖండవల్లిలో జన్మించి రాజమహేంద్రవరంలో స్థిరపడిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రాసిన 'గయోపాఖ్యానం' 19వ శతాబ్ది చివర నుంచి తరతరాల ప్రేక్షకులను అలరించింది. అందులో కృష్ణునికీ అర్జునునికీ యుద్ధం జరుగుతుంది. వ్యాసభారతంలో ఇటువంటి యుద్ధం లేదు. ఈ ఇతివృత్తమే 1963లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో 'శ్రీకృష్ణార్జున యుద్ధం'గా తెరకెక్కింది. మూలంలో లేదన్న కారణంతో తెలుగు ప్రేక్షకుడు దీన్ని నిరాకరించలేదు.

కారణం కథానిర్మాణంలో ఉంది. గయుని చంపుతానని కృష్ణుడు ప్రతిన పూనాడు. శత్రువెవరో తెలియక అర్జునుడు గయునికి అభయమిచ్చాడు. ఇచ్చిన మాటను నిలుపుకుంటే ప్రాణసఖునితో యుద్ధం. తప్పితే క్షత్రియధర్మానికి భంగం. మార్పు మూలపాత్ర స్వభావం నుంచే పుట్టింది. శరణాగతుని విడువని అర్జునుని, ప్రతినను మరువని కృష్ణుని ఎదురెదురుగా నిలిపింది. ఆ మార్పుకు పాత్ర మూల్యం చెల్లించవలసి వచ్చింది. మూలంలో లేని కథ మూలంలోని స్వభావానికి పరీక్ష పెట్టింది కనుక దాన్ని ప్రేక్షకుడు తనదిగా స్వీకరించాడు.

శాస్త్రకల్పనకూ ఇదే వర్తిస్తుంది. పురాణంలో శాపం, వరం, ప్రతిన ఎటువంటివో శాస్త్రకల్పనలో ఆ లోకపు నియమం అటువంటిది. ఒకసారి ప్రకటించిన తరువాత దానికి అందరూ కట్టుబడాలి. నాయకుని కోసం నియమం సడలితే ఉత్కంఠ పోతుంది. శాపం పట్ల పురాణశ్రోతకు ఉన్న పట్టుదలే నియమం పట్ల శాస్త్రకల్పన ప్రేక్షకునికీ ఉంటుంది.

3. అశ్వత్థామ: భారం మోసిన మార్పు

సౌప్తికపర్వంలో అశ్వత్థామ అస్త్రాన్ని ఉత్తర గర్భం మీదికి మళ్లిస్తాడు. శిరోమణిని కోల్పోయి, మూడువేల ఏళ్లు ఒంటరిగా తిరుగాడమన్న శాపం పొందుతాడు. చిత్రం ఆ కాలాన్ని ఆరువేల ఏళ్లకు పొడిగించింది. కల్కిని మోసే గర్భాన్ని కాపాడటమే శాపవిముక్తికి మార్గమని చేర్చింది. వ్యాసునిలో ఈ చేర్పు లేదన్న అభ్యంతరం వాస్తవమే. అయినా గయోపాఖ్యానం చూపిన ప్రమాణంతో కొలిస్తే ఈ మార్పు నిలుస్తుంది. గర్భాన్ని హతమార్చబోయినవాడు గర్భానికి కావలి కావడం నేరం నుంచి నేరుగా పుట్టిన ప్రాయశ్చిత్తం. మూలకర్మ మారలేదు, దాని ఫలం మాత్రం ముందుకు సాగింది. అమితాబ్ బచ్చన్ ధరించిన ఈ పాత్ర చిత్రంలో అందరికంటే ఎక్కువగా మెప్పు పొందడానికి ఈ నిర్మాణమే బలమైన ఆధారం. కనుక అశ్వత్థామ విషయంలో దిద్దుబాటు కోరే ప్రతిపాదన మూలానికి విధేయమైనదే అయినా, అమలుచేస్తే చిత్రంలోని అతి పటిష్ఠమైన అంశాన్ని తొలగిస్తుంది.

4. కర్ణుడు: భారం లేని మార్పు

భైరవుడు కర్ణుడని చిత్రాంతంలో వెల్లడవుతుంది. దీనిపై వివాదం కర్ణార్జునుల్లో ఎవరు గొప్ప అన్న తూకానికి పరిమితమైంది. ఘోషయాత్రలో గంధర్వుల చేతిలో, ఉత్తర గోగ్రహణంలో అర్జునుని చేతిలో కర్ణుడు వెనుదిరిగిన ఘట్టాలు ఒక పక్షానికి ఆధారం. 'దానవీరశూరకర్ణ' (1977) వంటి చిత్రాలు స్థిరపరచిన కర్ణునిపై సానుభూతి మరొక పక్షానికి ఆధారం. ఈ తూకం ఎటు మొగ్గినా చిత్రంలోని లోపం మాత్రం తీరదు.

లోపం బలాబలాల్లో లేదు. కర్ణుని కర్ణునిగా చేసేవి రెండు: దుర్యోధనుని పట్ల ఋణం, అడిగినవారికి లేదనలేని దానం. భైరవుడు ఇంటి యజమానికి అద్దె బాకీపడి, యూనిట్ల కోసం మనుషులను వేటాడి, కాంప్లెక్స్‌లో చోటు కోసం ఎదురుచూసేవాడు. కవచకుండలాలను కోసి ఇచ్చిన చేయి యూనిట్లు లెక్కపెట్టుకుంటున్నది. ఇంతటి వైరుధ్యం కథలోనే సిద్ధంగా ఉండగా దానిని చిత్రం గుర్తించలేదు. కర్ణత్వం ఆయుధం ఎత్తగలగడంగా, శత్రువులను చెదరగొట్టడంగా మాత్రమే ప్రకటితమైంది. ఆ గుర్తింపు కోసం భైరవుడు దేనినీ వదులుకోలేదు. ఎవరికీ ఏదీ ఇవ్వలేదు.

ఈ దృష్టితో చూస్తే భైరవుని హాస్యాన్ని తొలగించాలన్న ప్రతిపాదన కూడా పునఃపరిశీలించవలసినదే. ఆ స్వార్థం, ఆ చమత్కారం లేకపోతే రాబోయే దానానికి విలువ ఉండదు. కావలసింది హాస్యం తొలగింపు కంటే హాస్యానికీ ముగింపుకూ మధ్య ఒక ముడి. తాను కూడబెట్టిన యూనిట్లను ఎవరి కోసమో విడిచిపెట్టే ఒక్క సన్నివేశం ఉన్నట్లయితే, ఏ ఆయుధమూ ఎత్తకముందే ప్రేక్షకుడు కర్ణుని గుర్తుపట్టేవాడు. రెండవ భాగానికి ఈ అవకాశం ఇంకా మిగిలే ఉంది.

5. సుమతి: మాట దక్కని పాత్ర

కల్కిపురాణంలో కల్కి తల్లి పేరు సుమతి. చిత్రంలో ఆమె మొదట 'సమ్-80' అనే సంఖ్య. కాంప్లెక్స్ నుంచి తప్పించుకున్న తరువాతనే సుమతి. సంఖ్య పేరుగా మారడం ఈ చిత్రంలోని చక్కని ఊహల్లో ఒకటి. అయితే పేరు వచ్చిన తరువాత కూడా ఆమెకు మాట రాలేదు. అందరూ ఆమెను కాపాడతారు, లేదా వెంటాడతారు. ఆమె కోరిక ఏమిటన్నది కథను మలుపు తిప్పదు.

2025 సెప్టెంబరులో నిర్మాణసంస్థ వైజయంతీ మూవీస్ దీపికా పదుకొణే రెండవ భాగంలో నటించబోరని ప్రకటించడంతో ఈ లోపం మరింత స్పష్టమైంది. ఆ తరువాతి చర్చ నటి స్థానంలో ఎవరు అన్నదాని చుట్టూ తిరిగింది. గోదావరి సీమ పద్యనాటకం ఇక్కడ విలువైన పాఠం చెబుతుంది. ఈ సీమలోనే పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి రచించిన పాండవ నాటకాల ప్రదర్శనల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు నటులు కృష్ణపాత్ర ధరించడం పరిపాటి. వన్స్‌మోర్ అని కేకవేసి పద్యాన్ని మళ్లీ పాడించుకునే ప్రేక్షకునికి నటుడు మారినందువల్ల కృష్ణుడు మారలేదు. ఆ పాత్ర పద్యంలో, అంటే తన మాటలో, స్థిరపడి ఉంది. మాట ఉన్న పాత్ర నటులను దాటి నిలుస్తుంది. సుమతికి అటువంటి మాట లేనందువల్లనే నటి నిష్క్రమణ పాత్ర నిష్క్రమణలా తోచింది. కాబట్టి ప్రేక్షకుల పూరణల్లో అత్యవసరమైనది సుమతికి సంబంధించినదే: తన గర్భం గురించి తాను తీసుకునే ఒక నిర్ణయం, దాని వల్ల అశ్వత్థామ గానీ భైరవుడు గానీ దారి మార్చుకోవలసిన స్థితి.

6. కాశి ఆకలి

చిత్రంలోని కాశి ఆకలితో అలమటించే నగరం. వనరులన్నీ కాంప్లెక్స్ పీల్చుకున్నది. ఆకలిగొన్న కాశి అన్న ఊహకు గోదావరి సాహిత్యంలో పూర్వరూపం ఉంది. బెండపూడి అన్నయామాత్యునికి అంకితంగా శ్రీనాథుడు రచించిన 'భీమేశ్వరపురాణం' (భీమఖండం)లో వ్యాసుడు కాశిలో భిక్ష దొరకక, ఆగ్రహించి నగరాన్ని శపించబోతాడు. తల్లి వచ్చి అన్నం పెడుతుంది. శివుడు మాత్రం కాశి విడిచిపొమ్మంటాడు. వ్యాసుడు దక్షిణానికి నడిచి డెల్టాలోని దక్షారామం, నేటి ద్రాక్షారామం, చేరుకుంటాడు. భారతకర్తనే ఆకలి ఊరు దాటించింది.

శ్రీనాథునిలో ఆకలి ఒక మహర్షిచేత తప్పు చేయిస్తుంది, కథను కాశి నుంచి గోదావరికి తరలిస్తుంది. చిత్రంలో ఆకలి నేపథ్యంగా మిగిలింది. నాయకుని ఏ నిర్ణయాన్నీ అది శాసించదు. కాంప్లెక్స్ లోపలి జీవితాన్ని ఇంకా చూపవలసిందన్న కోరికలోని ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది. పైనున్న సమృద్ధికీ కిందనున్న ఆకలికీ గల కార్యకారణం కనిపించినప్పుడే ఆ లోకపు నియమం ప్రేక్షకునికి పట్టుబడుతుంది.

ముగింపు

1. 'కల్కి 2898 ఏడీ'పై ప్రేక్షకుల పునర్రచనా ప్రతిపాదనలు తగ్గింపు, దిద్దుబాటు, పూరణ అని మూడు విధాలు. మూడింటికీ తెలుగు భారత సంప్రదాయంలో పూర్వరూపాలు ఉన్నాయి.

2. గయోపాఖ్యానానికి లభించిన ఆదరణను బట్టి, మూలంలో లేకపోవడం తెలుగు ప్రేక్షకుని దృష్టిలో దోషం కాదు. మార్పు పాత్ర స్వభావం నుంచి పుట్టి, పాత్రచేత మూల్యం చెల్లింపజేయాలి.

3. ఈ ప్రమాణానికి అశ్వత్థామ పాత్ర నిలిచింది. కర్ణుని వెల్లడి నిలవలేదు. కర్ణార్జునుల బలాబలాల వివాదం అసలు లోపాన్ని మరుగుపరచింది.

4. సుమతికి మాట, కాశి ఆకలికి పర్యవసానం కల్పించడం రెండవ భాగం చేయవలసిన పూరణలు.

అరణ్యపర్వ శేషం కోసం తెలుగు భారతం ఎఱ్ఱన దాకా ఎదురుచూసింది. పూరించినవాడు తన ప్రతిభను చాటుకోవడం కంటే ముందు నన్నయ విడిచిన చోటు ఏమి అడుగుతున్నదో విన్నాడు. రెండవ భాగాన్ని రచించేవారికీ, దానిని తమ ఊహలో ముందే రచించుకుంటున్న ప్రేక్షకులకూ ఆ వినికిడే ప్రథమార్హత.